కళ్లు, నోరు ఎండిపోయే జబ్బుకు స్టెమ్ సెల్ చికిత్స: డబ్బు కట్టే ముందు ఏం చూడాలి?

కళ్లలో ఇసుక పడినట్టు ఒకటే గరగర. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే నీళ్లు తాగితే తప్ప గొంతు దిగదు. ఏడుపొచ్చినా కన్నీళ్లు రావు. ఏళ్ల తరబడి చుక్కల మందులు మార్చుకుంటూ వస్తున్నవారికి ఒకరోజు ఫోన్‌లో ఓ వీడియో కనిపిస్తుంది. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఎండిపోయిన గ్రంథులు మళ్లీ పనిచేస్తాయని అందులో ఎవరో చెబుతుంటారు. మీరు 'షోగ్రెన్స్ సిండ్రోమ్' అని ఒక్కసారి వెతికారంటే చాలు, ఇలాంటివి మీ వెంట పడుతూనే ఉంటాయి.

అసలు విషయం ముందే చెప్పేద్దాం. షోగ్రెన్స్‌కు స్టెమ్ సెల్ చికిత్సగా అమ్ముకోవడానికి మన దేశంలో దేనికీ అనుమతి లేదు. క్లినికల్ ట్రయల్‌లో భాగంగా తప్ప ఇవ్వకూడదని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది నిజంగా ట్రయలే అయితే, పరీక్షిస్తున్న మందుకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ప్యాకేజీ ధర చెప్పి, ఈఎంఐ సదుపాయం కూడా ఉందంటున్నారంటే ఈ మూడింటికీ పొసగని పని ఏదో జరుగుతోందని అర్థం.

అలాగని దీని వెనుక సైన్స్ లేదని కాదు. ఉంది. ఎంతవరకు ఉందన్నదే ప్రశ్న.

ఈ జబ్బేమిటి?

1933లో స్వీడన్‌కు చెందిన కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ కళ్లు, నోరు ఎండిపోతున్న 19 మంది మహిళల గురించి తన పరిశోధన గ్రంథంలో రాశారు. వారిలో చాలామందికి కీళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ఆయన పేరే ఈ జబ్బుకు స్థిరపడింది. మన దగ్గర దీన్ని జోగ్రెన్స్ అని, స్జోగ్రెన్స్ అని రకరకాలుగా పలుకుతారు. రిపోర్టులో ఎలా రాసి ఉన్నా జబ్బు ఒకటే.

సూక్ష్మజీవులతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి, సొంత గ్రంథుల మీద పడుతుంది. లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు కన్నీటి గ్రంథుల్లోకి, లాలాజల గ్రంథుల్లోకి చేరి వాటిని క్రమంగా దెబ్బతీస్తాయి. రోగుల్లో ప్రతి పది మందిలో దాదాపు తొమ్మిది మంది మహిళలే. ఎక్కువగా నడివయసులో బయటపడుతుంది. కొందరికి ఇదొక్కటే ఉంటుంది. మరికొందరికి రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తోనో, లూపస్‌తోనో కలిసి వస్తుంది.

చాలా ఇళ్లలో దీన్ని జబ్బుగానే లెక్కచేయరు. 'వేడి చేసింది, మజ్జిగ తాగు' అంటారు. లేదంటే ఫోన్ ఎక్కువ చూడటం వల్లేనని తేల్చేస్తారు. మెనోపాజ్ ఖాతాలో వేసేవారూ ఉన్నారు. కంటికి ఒక డాక్టరు, పంటికి ఒక డాక్టరు, కీళ్లకు ఇంకొకరు, నీరసానికి ఫ్యామిలీ డాక్టరు. ఈ నాలుగు ఫైళ్లనూ ఒకరే పక్కపక్కన పెట్టి చూసేసరికి ఏళ్లు గడిచిపోతాయి. స్టెమ్ సెల్ ప్రకటనలు ఎవరికి తగులుతాయో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. తమ బాధను ఎవరూ నమ్మడం లేదని విసిగిపోయినవారికి, నమ్మినట్టు మాట్లాడే తొలి మనిషి ఆ క్లినిక్ కౌన్సిలరే కావచ్చు.

నిర్ధారణకు పెద్ద హంగామా ఏమీ అక్కర్లేదు. షర్మర్ పరీక్షలో కింది రెప్ప దగ్గర చిన్న కాగితం ముక్క పెట్టి, అయిదు నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తారు. 5 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువైతే కన్నీరు బాగా తగ్గినట్టు. రక్తంలో యాంటీ-ఆర్ఓ (ఎస్ఎస్-ఏ) యాంటీబాడీలు చూస్తారు. అవసరమైతే కింది పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. ఇవేవీ లేకుండా, 'మీకు షోగ్రెన్స్ ఉంది, స్టెమ్ సెల్స్ వేయించుకోండి' అని ఎవరైనా అంటే అక్కడితో లేచి వచ్చేయవచ్చు.

ఒక విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఈ జబ్బు ఉన్నవారిలో సుమారు 5 శాతం మందికి కాలక్రమంలో లింఫోమా అనే రక్తకణాల క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. చెవుల కింద దవడ దగ్గర వాపు వచ్చి తగ్గకుండా అలాగే ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. యాంటీ-ఆర్ఓ ఉన్న మహిళలు గర్భం దాల్చాలనుకుంటే ముందే చెప్పాలి. అరుదుగానే అయినా గర్భంలోని బిడ్డ గుండె కొట్టుకునే వేగం పడిపోయే సమస్య రావచ్చు. ఇవి జీవితాంతం కనిపెట్టి చూసుకోవాల్సినవి. 'మూడు సిట్టింగ్‌లతో అయిపోతుంది' అనే మాట ఈ జబ్బు స్వభావానికే నప్పదు.

స్టెమ్ సెల్స్ ఏం చేస్తాయని ఆశ?

ఇక్కడ మాట్లాడుతున్నవి మీసెంకైమల్ కణాలు. ఎముక మజ్జ, కొవ్వు, బొడ్డుతాడు వంటి చోట్ల నుంచి వీటిని సేకరిస్తారు. ఇవి వెళ్లి దెబ్బతిన్న గ్రంథిలో కూర్చుని కొత్త గ్రంథిగా మారతాయని చాలామంది అనుకుంటారు. ప్రకటనల్లో చూపించే బొమ్మలూ అలాగే ఉంటాయి. కానీ నరంలోకి ఎక్కించిన కణాల్లో చాలా భాగం ఊపిరితిత్తుల దగ్గరే చిక్కుకుని, కొద్ది రోజుల్లో కనుమరుగవుతాయి. అవి విడుదల చేసే రసాయన సంకేతాలు రోగనిరోధక వ్యవస్థ దూకుడును తగ్గిస్తాయన్నది ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తల అంచనా. అంటే ఇది పాడైన మోటారు తీసేసి కొత్త మోటారు బిగించడం లాంటిది కాదు. మంట మీద నీళ్లు చల్లే ప్రయత్నం. అప్పటికే బూడిదైన భాగం తిరిగొస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఈ ఆశకు బలమిచ్చిన అధ్యయనం 2012లో 'బ్లడ్' అనే వైద్య పత్రికలో వచ్చింది. చైనా పరిశోధకులు 24 మంది షోగ్రెన్స్ రోగులకు ఇతరుల నుంచి సేకరించిన మీసెంకైమల్ కణాలు ఎక్కించారు. జబ్బు తీవ్రత తగ్గిందని, లాలాజలం పెరిగిందని నివేదించారు. ఇప్పటికీ చాలాచోట్ల చూపించే రుజువు ఇదే. అయితే అందులో పోల్చి చూడటానికి కణాలు ఇవ్వని మరో బృందం లేదు. అదేమంత పెద్ద లోపమా అనిపించవచ్చు. ఎంత పెద్దదో డెన్మార్క్ ప్రయోగం చూస్తే తెలుస్తుంది.

కోపెన్‌హాగెన్ వైద్యులు షోగ్రెన్స్ వల్ల కళ్లు తీవ్రంగా ఎండిపోయిన 54 మందిని తీసుకున్నారు. 20 మందికి ఒక కంటి కన్నీటి గ్రంథిలోకి, దాతల కొవ్వు నుంచి తీసిన కణాలను ఇంజెక్ట్ చేశారు. మరో 20 మందికి కణాలు లేకుండా, వాటిని కలిపే ద్రవం మాత్రమే ఇంజెక్ట్ చేశారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకు తెలియదు. మిగిలిన 14 మందికి ఏమీ ఇవ్వకుండా గమనించారు.

కణాలు తీసుకున్నవారి బాధ స్కోరు దాదాపు 40 శాతం తగ్గింది. ఇక్కడితో ఆపేస్తే ఎంత చక్కటి ప్రకటన అవుతుందో చూడండి! కానీ ఉత్త ద్రవం తీసుకున్నవారిలోనూ దాదాపు అంతే తగ్గింది. రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏమీ తీసుకోని వారికంటే మాత్రం రెండు బృందాలూ మెరుగ్గా ఉన్నాయి.

ఎందుకలా జరిగింది? సూది వల్లే గ్రంథి కాస్త కదిలిందా, చికిత్స జరిగిందన్న నమ్మకం పనిచేసిందా, జబ్బు దానంతటది హెచ్చుతగ్గులకు లోనవడమా? పరిశోధకులకు ఇవి ఆసక్తికరమైన ప్రశ్నలే. డబ్బు కట్టబోయే మీకు కావాల్సింది వేరు. 'నాకు తగ్గింది' అని వీడియోలో చెప్పే ఆవిడ అబద్ధం చెప్పకపోవచ్చు. ఆవిడకు నిజంగానే తగ్గి ఉండవచ్చు. అది స్టెమ్ సెల్స్ వల్లే తగ్గిందని ఆ వీడియో మాత్రం రుజువు చేయలేదు.

ఈ కొలబద్ద స్టెమ్ సెల్స్‌కే పెడుతున్నారా అని అడగవచ్చు. లేదు. షోగ్రెన్స్‌కు డాక్టర్లు ఎంతోకాలంగా రాస్తున్న హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను ఫ్రాన్స్‌లో 120 మందిపై ఇలాగే పరీక్షించారు. పొడిబారడం, నొప్పి, నీరసం విషయంలో 24 వారాల తర్వాత ఉత్త మాత్రకూ దీనికీ తేడా కనిపించలేదని 2014లో ప్రచురించారు. కీళ్లకు, చర్మానికి డాక్టర్లు దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు కానీ నోట్లో తడి తెస్తుందని పెద్దగా ఆశ పెట్టరు. చవకైన మాత్రకు పెట్టిన పరీక్షనే లక్షల ఖరీదు చేసే ఇంజెక్షన్‌కూ పెట్టడంలో అన్యాయమేమీ లేదు.

మరి హైదరాబాద్‌లో కళ్లకు స్టెమ్ సెల్స్ వేస్తున్నారు కదా?

వేస్తున్నారు. ఈ గందరగోళం చాలామందికి ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఈ రంగంలో ప్రపంచానికే దారి చూపిన సంస్థల్లో ఒకటి. అక్కడి వైద్యులు 2012లో ప్రచురించిన 'స్లెట్' అనే పద్ధతిని ఇతర దేశాల్లోనూ అనుసరిస్తున్నారు. అయితే అది వేరే సమస్యకు చేసే వైద్యం. సున్నం, యాసిడ్ వంటివి పడి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు నశించినవారికి, మంచి కంటి నుంచి చిన్న ముక్క తీసి అతికిస్తారు. అక్కడ పోయింది కంటి ఉపరితలం. షోగ్రెన్స్‌లో దెబ్బతినేది కన్నీరు తయారయ్యే గ్రంథి. పైగా కంట్లో బొత్తిగా తడి లేకపోతే ఆ శస్త్రచికిత్స నిలవడమే కష్టం. 'కళ్లకు స్టెమ్ సెల్స్ పనిచేస్తాయి' అనే మాట అక్కడ నిజం. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించడం మోసం.

అలాగే మీ రక్తం నుంచే తయారుచేసే సీరమ్ చుక్కలు ఉంటాయి. తీవ్రమైన పొడికళ్లకు కంటి డాక్టర్లు రాసేవే. వాటిలో స్టెమ్ సెల్స్ ఉండవు. ఆటోఇమ్యూన్ జబ్బుల్లో స్క్లెరోడెర్మా, మల్టిపుల్ స్క్లెరోసిస్ ముదిరిన కొందరికి చేసే ఎముక మజ్జ మూలకణ మార్పిడి కూడా వేరే సంగతి. అందులో ముందు కీమోథెరపీతో రోగనిరోధక వ్యవస్థను దాదాపు తుడిచిపెడతారు. అంతటి ప్రమాదాన్ని పొడిబారడం కోసం నెత్తినెత్తుకోరు.

సొంత కణాలే కదా, నష్టమేముంది?

ఈ మాట వినడానికి బాగుంటుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ముగ్గురు మహిళలు వయసుతో వచ్చే రెటీనా సమస్యకు ఓ క్లినిక్‌లో చికిత్స తీసుకున్నారు. వారి పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలనే రెండు కళ్లలోకీ ఇంజెక్ట్ చేశారు. ముగ్గురికీ చూపు తీవ్రంగా పోయింది. 2017లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ఈ కేసులను ప్రచురించింది. ఆ చికిత్సకు ట్రయల్ అని పేరు పెట్టి, వారి దగ్గర డబ్బు కూడా తీసుకున్నారు. కణాలు సొంతవే. అవి వెళ్లిన చోటు, వాటిని తయారుచేసిన తీరు మాత్రం సురక్షితమైనవి కావు.

ఇన్ఫెక్షన్, రక్తం గడ్డలు, అనవసర కణజాలం పెరగడం వంటి ప్రమాదాలు ఎలాగూ ఉన్నాయి. షోగ్రెన్స్ రోగులకు ఇంకో ముప్పు కూడా ఉంది. 'ఇక మాత్రలు అక్కర్లేదు' అని నమ్మి రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లడం మానేస్తారు. లింఫోమాను తొలి దశలోనే పట్టుకునే అవకాశం ఆ గ్యాప్‌లోనే చేజారిపోవచ్చు.

చట్టం ఏమంటోంది, సందు ఎక్కడుంది?

ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో విడుదల చేసిన జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి. రక్త సంబంధ వ్యాధుల వంటి ఆమోదిత అవసరాలకు చేసే మజ్జ మార్పిడిని మినహాయిస్తే, మిగతా మూలకణ వైద్యమంతా అనుమతి ఉన్న ట్రయల్‌లోనే జరగాలి. బయట ఇవ్వడం అనైతికం. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, ల్యాబ్‌లో గణనీయంగా మార్చిన మూలకణ ఉత్పత్తి 'కొత్త మందు' కిందకే వస్తుంది. దానికి డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి కావాలి. అనుమతి పొందినవి లేకపోలేదు. బెంగళూరు కంపెనీ తయారుచేసిన స్టెంప్యూసెల్‌కు, కాళ్లకు రక్తప్రసరణ తీవ్రంగా తగ్గే జబ్బు విషయంలో అనుమతి దక్కింది. అంటే రుజువులు చూపిస్తే దారి ఉంది. షోగ్రెన్స్ విషయంలో ఆ దారిలో ఎవరూ గమ్యం చేరలేదు.

చిక్కంతా 'గణనీయంగా మార్చిన' అన్న మాట దగ్గరుంది. 'మేం ల్యాబ్‌లో ఏమీ పెంచడం లేదు, మీ మజ్జ తీసి అదే రోజు తిరిగి ఎక్కిస్తున్నాం' అని క్లినిక్‌లు వాదిస్తాయి. అలా చేస్తే అది మందు కాదు, డాక్టరు చేసే ఓ ప్రొసీజర్ మాత్రమే అంటాయి. ఐసీఎంఆర్ మార్గదర్శకాలు దీన్నీ ఒప్పుకోవు. కానీ మార్గదర్శకం వేరు, ఉల్లంఘిస్తే శిక్ష పడే చట్టం వేరు. ఇన్నేళ్లుగా ఈ వ్యాపారం నడుస్తున్నది ఆ తేడా మీదే. ఆటిజం విషయంలో 2022లో జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన నైతిక విలువల బోర్డు కలగజేసుకుని, స్టెమ్ సెల్ చికిత్సను సూచించడం, ప్రచారం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని తేల్చింది. అంత సూటిగా జబ్బు జబ్బుకూ చెప్పించుకోవాల్సి రావడమే మన నియంత్రణ వ్యవస్థ బలహీనత అనిపిస్తుంది.

'ఇది ట్రయలే' అంటే ఎలా సరిచూడాలి?

సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదవుతాయి. ఖాతా తెరవకుండానే ఎవరైనా వెతకవచ్చు. క్లినిక్‌ను రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఇవ్వడానికి తటపటాయిస్తే అక్కడితో సగం సంగతి తేలినట్టే.

నంబరు ఇచ్చినా అక్కడితో ఆగకండి. సీటీఆర్ఐలో నమోదు కావడమంటే ప్రభుత్వం చికిత్సను ఆమోదించినట్టు కాదు. పేజీ తెరిచి కిందికి వెళితే డీసీజీఐ అనుమతి స్థితి అని ఒక గడి, ఎథిక్స్ కమిటీ వివరాలు ఇంకో గడి ఉంటాయి. వాటిలో ఏం రాసి ఉందో చూడండి. జబ్బు పేరు షోగ్రెన్సేనా, మోకాళ్ల నొప్పుల ట్రయల్ నంబరు చూపిస్తున్నారా? మిమ్మల్ని రమ్మంటున్న ఆసుపత్రి పేరు ఆ జాబితాలో ఉందా? ట్రయల్ ఇంకా నడుస్తోందా, ఎప్పుడో ముగిసిందా? పది నిమిషాల పని. ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు పిల్లలే చూసిపెట్టాలి.

అసలైన ట్రయల్‌లో సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. తెలుగు ప్రతి అడగడం మీ హక్కు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నిబంధనల ప్రకారం పరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు. 'ఫలితాలకు మేం బాధ్యులం కాము' అని సంతకం పెట్టించుకుని రసీదు చేతిలో పెట్టేది ట్రయల్ కాదు.

ఈలోగా ఏం చేయొచ్చు?

ముందు రుమటాలజిస్టును కలవండి. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. కళ్లకు ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు, అవసరమైతే సైక్లోస్పోరిన్ చుక్కలు రాస్తారు. కన్నీరు జారిపోయే రంధ్రానికి చిన్న బిరడా పెడితే ఉన్న తడైనా నిలుస్తుంది. నోటికి పైలోకార్పిన్ మాత్రలు లాలాజలాన్ని పెంచుతాయి. చెమటలు పట్టిస్తాయి కూడా. ఆస్తమా, కొన్ని రకాల గ్లకోమా ఉన్నవారు ముందే చెప్పాలి. లాలాజలం తగ్గితే పళ్లు వేగంగా పుచ్చిపోతాయి కాబట్టి డెంటిస్టు దగ్గర ఫ్లోరైడ్ పూత తప్పనిసరి అనుకోండి. జలుబుకు వేసుకునే సెటిరిజిన్, నిద్రకూ నొప్పులకూ రాసే అమిట్రిప్టిలిన్ లాంటివి నోటిని ఇంకా ఎండగడతాయి. మీరు వాడే మాత్రలన్నీ ఓ సంచిలో వేసుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఏసీ గాలి నేరుగా మొహానికి తగలకుండా కుర్చీ జరుపుకోవడం వల్లా ఎంతోకొంత తేడా ఉంటుంది.

కొత్త మందుల విషయానికొస్తే, ఇప్పుడు ముందున్నవి స్టెమ్ సెల్స్ కావు. బి కణాలపై పనిచేసే ఇయానలుమాబ్ అనే ఇంజెక్షన్ రెండు మూడో దశ ట్రయల్స్‌లో లక్ష్యాన్ని చేరుకుందని 2025 ఆగస్టులో నోవార్టిస్ ప్రకటించింది. నిపోకాలిమాబ్ వంటివి ఇంకొన్ని వరుసలో ఉన్నాయి. వీటిలో మనకు ఏది అందుతుంది, ఎంత ధరకు అనేది తర్వాతి సంగతి. మీ రుమటాలజిస్టును 'షోగ్రెన్స్‌కు ఎక్కడైనా ట్రయల్స్ నడుస్తున్నాయా?' అని అడగడం మాత్రం ఇప్పుడే చేయవచ్చు.

ఇప్పటికే డబ్బు కట్టేశారా?

మొదట మీ వైద్య రికార్డులు రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య వృత్తి నిబంధనలు చెబుతున్నాయి. ఏ కణాలు, ఎక్కడి నుంచి తెచ్చారు, ఎన్ని, ఏ ల్యాబ్‌లో తయారయ్యాయి అన్నవి అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణ, రసీదులు దాచిపెట్టండి. వీడియోను వారు తీసేసే లోపే సేవ్ చేసుకోండి.

డాక్టరు మీద ఫిర్యాదు అయితే తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ వైద్య మండలికి ఇవ్వాలి. అనుమతి లేని ఉత్పత్తి అనిపిస్తే రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకు రాయండి. డబ్బు వెనక్కి రావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. చెల్లించింది 5 లక్షల రూపాయల లోపైతే అక్కడ ఫీజు లేదు, 50 లక్షల వరకు కేసులు జిల్లా స్థాయిలోనే వింటారు. ఎలా వేయాలో తెలియకపోతే 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదుకు గడువు సాధారణంగా రెండేళ్లు. 'ఇంకో ఆరు నెలలు ఆగండి, ఫలితం నెమ్మదిగా కనిపిస్తుంది' అని క్లినిక్ చెబుతూ పోతుంటే, ఆ ఆరు నెలలూ ఈ రెండేళ్లలోంచే ఖర్చవుతాయి.